కొత్త బండి మీటరు అర్థమైన తీరు

కార్బురేటర్ బండి నడిపినన్నాళ్లూ మీటరును నేను పెద్దగా పట్టించుకున్నది లేదు. పెట్రోలు అయిపోవస్తే ఇంజనే తడబడి చెప్పేది, ట్యాంకు కింది కాక్‌ను రిజర్వుకు తిప్పుకొని బంకు దాకా వెళ్లిపోయేవాణ్ణి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బురేటర్ బదులు సెన్సర్ల లెక్కతో ఇంజనుకు పెట్రోలు చిమ్మే) బండికి ఆ కాక్ లేదు. దాని బదులు మీటరు నిండా దీపాలున్నాయి. బండితోపాటు ఇచ్చిన పుస్తకం చేతిలో పట్టుకొని, ఒక్కొక్కటీ పోల్చుకుంటూ కూర్చున్నాను.

తాళం తిప్పగానే ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపమూ, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తాలూకు దీపమూ రెండూ వెలిగాయి. ఇంజను స్టార్ట్ కాగానే మొదటిది ఆరిపోయింది కానీ రెండోది ఆరలేదు. చక్రాల దగ్గరి సెన్సర్లు పనిచేస్తున్నాయో లేదో చక్రం తిరిగితే తప్ప తేలదు కనుక, బండి కదిలి కాస్త వేగం అందుకున్నాకే అది ఆరుతుందట. అలా ఆరకపోతే మామూలు బ్రేకులు పడతాయి గానీ, ఏబీఎస్ రక్షణ ఉండదు. అన్నిటికంటే నాకు పనికొచ్చిన సంగతి మరొకటి: తాళం తిప్పినప్పుడు వెలగవలసిన దీపం వెలగకపోవడం కూడా లోపమే, ఎందుకంటే దారిలో అది మనల్ని హెచ్చరించజాలదు.

రంగుల లెక్క తేలికే. ఆకుపచ్చ న్యూట్రల్‌కూ ఇండికేటర్లకూ, నీలం హై బీమ్‌కు. పసుపు వెలిగితే సర్వీసుకు తీసుకెళ్లాలి. ఆయిల్ ఒత్తిడికి ఎర్ర దీపం ఉన్న బండిలో అది వెలిగితే మాత్రం ఇంటిదాకా వెళ్దామనుకోకుండా అక్కడికక్కడే ఇంజను ఆపాలి.

పెట్రోలు గీతలను నేను ఇప్పటికీ సగమే నమ్ముతాను. ట్యాంకులో తేలే బెండును బట్టి అవి మారతాయి కనుక, సైడ్ స్టాండు మీద వాలిన బండిలో ఒక లెక్క, నిటారుగా నిలబెడితే మరో లెక్క చూపుతాయి. అందుకే ట్యాంకు నింపించినప్పుడల్లా ట్రిప్ మీటరును సున్నా చేసి, మళ్లీ నింపించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాను. మైలేజీ తెలిస్తే ఎంత దూరానికి బంకు వెతుక్కోవాలో తెలుస్తుంది. స్పీడోమీటరు ఫోన్‌లోని జీపీఎస్ కంటే కాస్త ఎక్కువ చూపడం లోపం కాదు. అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్న నియమం వల్ల తయారీదారులే ఆ తేడా ఉంచుతారు.