కారు బ్రేక్ కాలిపర్లకి ఇంట్లో రంగు: నిలవాలంటే?
ఒడిశాలో కోరాపుట్, రాయగడ వైపు ఘాట్ దిగితే బ్రేకులు కాగిపోతాయి, వానాకాలం ఎర్రమట్టి వచ్చి పట్టేస్తుంది. చక్రం లోపల ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగమే కాలిపర్; మామూలు స్ప్రే డబ్బా రంగు దాని మీద అందుకే నిలవదు. కొనేటప్పుడు డబ్బా మీద ఎంత వేడి తట్టుకుంటుందో చూడండి, 250 డిగ్రీలకి తక్కువది వద్దు.

అసలు పనంతా శుభ్రం చేయడంలోనే ఉంది. జాకీని నమ్ముకోకుండా స్టాండు పెట్టి, చక్రం తీసి, తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, బ్రేక్ క్లీనర్ కొట్టి, తెల్లగుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. డిస్కు, ప్యాడ్లు, బ్లీడర్ నిపిల్ (బ్రేక్ ఆయిల్లో గాలి తీసే చిన్న స్క్రూ), పిస్టన్ రబ్బరు, స్లైడ్ పిన్నుల (కాలిపర్ జరిగే పిన్నుల) రబ్బరు తొడుగులు అన్నిటికీ మాస్కింగ్ టేపు వేయండి. పిన్నుకి రంగు అంటిందా, కాలిపర్ జామై ఒక పక్క ప్యాడే అరిగిపోతుంది. కాలిపర్ విప్పితే బ్రేక్ ఆయిల్ హోసు మీద వేలాడదీయొద్దు, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి.

పల్చగా రెండు మూడు పూతలు చాలు. మందంగా ఒకేసారి కొడితే కారుతుంది, వేడికి పొక్కుతుంది. అందరూ ఎరుపే వేస్తారు గానీ, బ్రేకు పొడి కనబడకూడదంటే ముదురు బూడిదరంగే మేలు.

ముందుగా ఊడేది బోల్టుల దగ్గర, స్పానర్ తగిలేచోట. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే మాత్రం రంగు మెత్తబడి లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోసి కడిగేయండి.