మోందూజ్ సాధన: 12 రౌండ్ల తర్వాత

ఏ గ్లాసులో ఏ వైన్ పోశారో తెలియకుండా, రుచి చూసి మోందూజ్ వైన్‌ను గుర్తుపట్టే సాధనలో ఈ ఆదివారంతో 12 రౌండ్లు పూర్తయ్యాయి. మొదటి ఆరింట్లో రెండుసార్లే మోందూజ్‌ను సరిగ్గా పట్టుకున్నాను. తర్వాతి ఆరింట్లో ఐదుసార్లు.

మోందూజ్ ఫ్రాన్స్ తూర్పున, ఆల్ప్స్ కొండల పక్కనున్న సవ్వా ప్రాంతపు నల్లద్రాక్ష. ఆర్బాన్ అనే ఊరి మోందూజ్‌కి మంచి పేరు. నేనుండేది అక్కడికి దగ్గర్లోని లియోన్‌లో కాబట్టి ఆ సీసాలు దొరకడం కష్టం కాదు.

ప్రతిసారీ మూడు గ్లాసులు: ఒక మోందూజ్, ఒక ఉత్తర రోన్ లోయ సిరా, ఒక బోజోలే ప్రాంతపు గమే. సిరా, గమే కూడా ఫ్రాన్స్ నల్లద్రాక్ష రకాలే. మా ఆవిడ వంటింట్లోనే ఒక్కోదాంట్లో 50 మి.లీ. పోసి, గ్లాసు అడుగున స్టిక్కర్ అంటించి తెస్తుంది. వైన్ 16 డిగ్రీల దగ్గర ఉండాలి. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు.

మొదట్లో మిరియాల వాసన తగిలితే చాలు, మోందూజ్ అని రాసేసేవాణ్ణి. ఆ ఘాటు రొటండోన్ అనే పదార్థానిది. మన మిరియాల్లో ఉండేదీ అదే. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని సిరాలో గుర్తించారు. పైగా సిరా, మోందూజ్ చుట్టాలే. మోందూజ్ బ్లాంష్ అనే తెల్లద్రాక్షకీ ద్యురేజా అనే నల్లద్రాక్షకీ పుట్టిందే సిరా అని 1998లో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. ఇక ఒక్క మిరియంతో రెంటినీ ఎలా విడదీస్తాం?

దారి చూపించింది మా ఆవిడే. దాదాపు ఐదుగురిలో ఒకరికి రొటండోన్ వాసనే తెలియదట, తనూ ఆ కోవలోదే అనిపిస్తోంది. ఆరో రౌండ్ అయ్యాక గ్లాసులు తారుమారు చేసి తనకిచ్చాను. "మిరియాలేం లేవు. కానీ ఇది చూడ్డానికి నేరేడు రసంలా చిక్కగా ఉంది, నోట్లో పోస్తే పలచన. పులుపుకి దవడలు లాగేస్తున్నాయి" అంది. అదే మోందూజ్!

అప్పట్నుంచి వాసన చూడకముందే ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తున్నాను. మోందూజ్ అయితే నాలుక కింద నీళ్లు ఊరుతూనే ఉంటాయి, చిగుళ్లు కాస్త పట్టేస్తాయి, చివర్లో మెంతి గింజ కొరికినంత చేదు. గమేలో ఆ పట్టు ఉండదు. సిరా నోరంతా నిండుతుంది, ఆలివ్ వాసన కూడా వస్తుంది.

పదో రౌండ్‌లో తప్పింది 12.5 శాతమే ఆల్కహాల్ ఉన్న సిరాతో. గొంతులో వేడి తగల్లేదని తొందరపడి మోందూజ్ అనేశాను, చేదు కోసం ఆగలేదు. వచ్చే ఆదివారం గమే తీసేసి, సవ్వాదే మరో నల్లద్రాక్ష పెర్సాన్ పెట్టమన్నాను.