ఆట మళ్ళీ మొదలైన తరువాత

2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్‌తో జరిగిన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ వేసిన గోల్‌ను మైదానంలోని అధికారులు ఆఫ్‌సైడ్‌గా, అంటే అతను నిబంధనకు విరుద్ధంగా ముందుకు వెళ్ళి బంతి అందుకున్నట్టుగా, ప్రకటించి రద్దు చేశారు. వేరే గదిలో తెరల ముందు కూర్చుని మైదానంలోని రిఫరీకి సాయపడే వీడియో రిఫరీ దృశ్యాలను పరిశీలించి ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గానే గ్రహించాడు. అయితే మైదానంలో గోల్ ఇచ్చేశారని పొరబడి, పరిశీలన పూర్తయిందని మాత్రమే చెప్పాడు. ఆ మాటను తన నిర్ణయానికి ఆమోదంగా తీసుకున్న రిఫరీ ఆటను తిరిగి ప్రారంభించాడు. కొన్ని క్షణాల్లోనే వీడియో గదిలోని వారికి పొరపాటు తెలిసింది. కాని ఆట మళ్ళీ మొదలైన తరువాత అటువంటి నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. లివర్‌పూల్ 2-1 తేడాతో ఓడిపోయింది. తరువాత విడుదల చేసిన ఆ గది సంభాషణలో, ఇక ఏమీ చేయలేమంటూ ఒక అధికారి మళ్ళీ మళ్ళీ అనే మాట విన్నప్పుడల్లా నాకు మా అన్నయ్య గుర్తుకు వస్తాడు.

2010 ప్రపంచ కప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీతకు స్పష్టంగా అవతల పడినా గోల్ ఇవ్వని రోజున మేమిద్దరం కలిసి ఆ ఆట చూశాము. కెమెరాలు ఉండగా వాటిని ఎందుకు అడగరని నేను కోపగించుకున్నాను. అన్నయ్య ఒప్పుకోలేదు. రిఫరీ మాటే చివరి మాట కావాలనీ, ప్రతి నిర్ణయాన్నీ తిరగదోడితే ఆట ఊపిరి పోతుందనీ వాదించాడు. ఇప్పుడు తలచుకుంటే వింతగా తోచేది ఒకటి ఉంది. ఇక్కడ పునఃపరిశీలన వద్దన్న అన్నయ్య, మరణం తరువాత ప్రతి మనిషి చేసిన ప్రతి పనికీ విచారణ ఉంటుందని మనసారా నమ్మేవాడు. ఆ నమ్మకం బొత్తిగా లేని నేను మాత్రం న్యాయం ఏదైనా ఇక్కడే, ఆట ముగిసేలోగానే జరగాలని పట్టుబట్టేవాణ్ణి.

బంతి గోల్ గీతను దాటిందో లేదో కనిపెట్టే సాంకేతికత 2014 ప్రపంచ కప్‌కు వచ్చింది. 2018లో వీడియో రిఫరీ నిబంధనల పుస్తకంలోకే ఎక్కాడు. అయితే అప్పట్లో అతని అధికారం చాలా పరిమితమైనది: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం అనే విషయాల్లో స్పష్టమైన తప్పు జరిగితేనే అతను కలగజేసుకోవాల్సి ఉండేది. ఆ ఏడాది ప్రపంచ కప్ ఫైనల్‌లో క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి బంతి తగిలినప్పుడు రిఫరీ పితానా తెర దగ్గరకు వెళ్ళి చూశాడు, వెనుదిరిగి మళ్ళీ వెళ్ళి చూశాడు, చివరకు ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చాడు. బంతి చేతికి తగిలిందన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. కావాలని ఆపాడా అన్నదే ప్రశ్న, దానికి ఏ కోణంలోని కెమెరా అయినా జవాబు చెప్పలేదు. చిత్రగుప్తుని చిట్టా ఎంత పూర్తిగా ఉన్నా సరిపోదని నాకు ఆనాడే అనిపించింది. మనసులోని ఉద్దేశం తెలిసినవాడు తీర్పరిగా ఉండాలి. పరలోక విచారణను నమ్మేవారు కోరుకునేది అటువంటి తీర్పరినే.

ఆ కోరికను నేను తేలికగా చూడను. ఈ లోకంలో మంచితనానికీ సుఖానికీ పొంతన కుదరడం లేదు కనుక దేవుడు ఉన్నాడనీ, సంపూర్ణమైన మంచితనం ఈ ఒక్క జీవితంలో అందదు కనుక ఆత్మ అమరమనీ భావించక తప్పదని 1788లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ వాదించాడు. అది రుజువు కాదని ఆయనకూ తెలుసు. మనిషి మరణించిన తరువాత ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటున్నారు, నిజమేమిటని నచికేతుడు అడిగితే, దేవతలకు కూడా ఈ సందేహం ఉండేదనీ మరో వరం కోరుకొమ్మనీ యముడే దాటవేయబోయాడు. మన కాలంలో వైద్యుడు శామ్ పార్నియా బృందం ఆసుపత్రుల్లో పైనుంచి చూస్తేనే కనిపించే బొమ్మలను అరల మీద ఉంచి, గుండె ఆగి బ్రతికిన రోగులు శరీరం వెలుపలి నుంచి వాటిని చూశారేమోనని పరీక్షించింది. 2014లో వెలువడిన ఆ ఫలితాల్లో ఆ బొమ్మను చూసి చెప్పినవారు ఒక్కరూ లేరు. అయితే గుండె ఆగిన సంఘటనల్లో ఎక్కువ భాగం ఆ అరలు లేని చోట్లనే జరిగాయి. అందువల్ల అది ఏ పక్షానికీ సాక్ష్యం కాదు.

అన్నయ్య మీద తను పనిచేసిన కార్యాలయంలో డబ్బు లెక్కల విషయమై ఒక నింద పడింది. విచారణ నాలుగేళ్ళు సాగింది, అది ముగియకముందే తను చనిపోయాడు. పద్నాలుగు నెలల తరువాత, ఆరోపణ నిరాధారమని తేలినట్టు వదిన పేరిట ఉత్తరం వచ్చింది. తప్పు చేసినవారికి అవతల శిక్ష పడాలన్న కోరిక నాకు అప్పుడూ కలగలేదు, ఇప్పుడూ లేదు. మరణం తరువాత ఏదైనా ఉండాలని నేను జీవితంలో మొదటిసారి కోరుకున్నది, ఆ సంగతి అన్నయ్యకు తెలియాలన్న ఒక్క కారణం చేతనే.

వదిన అడిగితే ఆ ఉత్తరాన్ని అన్నయ్య ఫోటో ముందు నిలబడి చదివాను. వినేవారు ఉన్నారన్న నమ్మకం నాకు ఇప్పటికీ లేదు. అయినా ఒక్క వాక్యం వదలకుండా, పైనున్న సంఖ్య, తేదీలతో సహా, గట్టిగా చదివాను.