కమ్మరి ఊరు

ఊళ్లో మా తమ్ముడి ట్రాక్టర్ ఆకుపచ్చది. దాని బానెట్ మీద పసుపు అక్షరాల్లో ఉన్న జాన్ డీర్ అనేది ఒక మనిషి పేరని, ఆయన కమ్మరి అని నాకు అరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తెలియదు. ఏదో కంపెనీ పేరు అనుకున్నాను, అంతే.

అమెరికాలో చికాగో పక్కన నేపర్‌విల్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చి అప్పటికి మూడు నెలలు. వారానికోసారి గుడి, ఆ పక్కనే ఇండియన్ కొట్టు. చికాగోలో ఎత్తైన మేడలన్నీ చూసేశాను, మెడ నొప్పి వచ్చింది. సెప్టెంబరు చివర్లో ఒక శుక్రవారం రాత్రి అల్లుడు, "మామయ్య గారూ, రేపు మీకు నచ్చే చోటికి వెళ్దాం" అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. మా అమ్మాయి పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది.

ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా మొక్కజొన్న, సోయా. చేలు ఎండి కోతకొచ్చి ఉన్నాయి. ఎంత చూసినా గట్టు అనేది కనబడదు. మాది పర్చూరు దగ్గర పల్లె. మా మూడెకరాల్లోనే నాలుగు గట్లు, అందులో రెండు గొడవలు. గంటన్నర పోయాక డిక్సన్ అనే ఊరు వచ్చింది. వీధికి అడ్డంగా ఆర్చి, దాని మీద ఊరి పేరు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన రీగన్ చిన్నప్పుడు ఉన్న ఇల్లు ఇక్కడే ఉందట. మేం ఆగలేదు. అక్కడి నుంచి రాక్ నది పక్కగా కాసేపు పోతే గ్రాండ్ డెటూర్. నది ఇక్కడ పెద్ద వంపు తిరుగుతుంది, ఫ్రెంచి వాళ్లు దాన్ని చూసే ఊరికి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఐదొందల మంది కూడా ఉండరు. పెద్ద పెద్ద చెట్లు, నిశ్శబ్దం.

జాన్ డీర్ తెల్ల చెక్క ఇల్లు ఇంకా అలాగే నిలబడి ఉంది. పుట్టింది ఇక్కడ కాదు, 1804లో, తూర్పున వెర్మాంట్ రాష్ట్రంలో. తండ్రి దర్జీ. పిల్లవాడికి నాలుగేళ్లప్పుడు ఇంగ్లండుకు ఓడెక్కి, మళ్లీ తిరిగి రాలేదు. తల్లి బట్టలు కుట్టి పిల్లల్ని సాకింది. పదిహేడో ఏట పని నేర్చుకోవడానికి ఒక కమ్మరి దగ్గర చేరాడు. మొదటి ఏడాది జీతం 30 డాలర్లు. తర్వాత సొంత కొలిమి పెట్టుకుంటే రెండుసార్లు కాలిపోయింది. అప్పులు మీద పడ్డాయి. 1836లో భార్య డిమేరియస్‌ని, నలుగురు పిల్లల్ని అక్కడే వదిలి, చేతిలో 73 డాలర్లతో ఒక్కడే ఈ ఊరు చేరాడంటారు. అప్పటికి ఆవిడ కడుపుతో ఉంది.

ఈ మాట చదవగానే మా అమ్మాయి, "అప్పులవాళ్లకి ఆవిడేం సమాధానం చెప్పుకుందో" అంది. అక్కడి బోర్డుల్లో ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రెండేళ్ల తర్వాత ఐదుగురు పిల్లలతో ఆవిడ వచ్చి దిగిందట. తండ్రి ఎప్పుడూ చూడని చంటివాడు చార్లెస్‌ని చేతికిచ్చి, వెర్మాంట్ నుంచి ఇక్కడిదాకా నేనే ఎత్తుకొచ్చాను, ఇక కాసేపు నువ్వు ఎత్తుకో అందని వాళ్లింట్లో చెప్పుకునేవారట. నిజమో కాదో గానీ, మా అమ్మాయికి మాత్రం ఆ రోజు మొత్తంలో నచ్చింది ఇదొక్కటే.

నేను ఎక్కువసేపు ఉన్నది కొలిమి దగ్గర. అసలు కొలిమి ఎక్కడ ఉండేదో 1962లో విశ్వవిద్యాలయం వాళ్లు తవ్వి కనిపెట్టారు. ఆ తవ్విన చోటుని అలాగే ఉంచి పైన గది కట్టారు. పక్కన కొత్తగా ఒక కొలిమి కట్టి, నిజంగా ఇనుము కాల్చి చూపిస్తున్నారు. తోలు ఏప్రన్ కట్టుకున్న గడ్డం మనిషి పట్టకారుతో ఎర్రటి కడ్డీ తీసి దాగలి మీద పెట్టగానే, ఆ బొగ్గు వాసనకి నేను మా ఊరు వెళ్లిపోయాను. తొలకరికి ముందు నాగలి కర్రు కొట్టించుకు రమ్మని నాన్న నన్ను పంపేవాడు. మా కమ్మరికి డబ్బులిచ్చేది లేదు, కళ్లం దగ్గర మేర, అంటే పనికి బదులు ధాన్యం, కొలిచేవాళ్లం. మాది నల్లరేగడి. ఒక చినుకు ఎక్కువైతే కర్రుకి మట్టి ముద్దలా పట్టేసేది. నాన్న నాలుగు చాళ్లకోసారి ఎడ్లని ఆపి ముల్లుగర్రతో గీకేవాడు.

ఇక్కడి రైతుల గోడు కూడా సరిగ్గా అదేనట. తూర్పున ఇసక నేలల్లో నడిచిన పోత ఇనుప నాగళ్లు ఈ ప్రెయిరీ, అంటే గడ్డి మైదానాల నల్లమట్టిలో అడుగడుక్కీ అంటుకుపోయేవి. గుర్రాల నాడాలు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ మాటే చెప్పేవారు. కమ్మరి వింటూ పని చేసుకునేవాడు. 1837లో రంపపు మిల్లులో విరిగిన ఉక్కు రంపం ఒకటి దొరికితే, దాన్ని వంచి, అద్దంలా నునుపు చేసి నాగలికి రెక్కగా పెట్టాడు. మట్టి అంటుకోకుండా జారిపోయింది. ఉక్కు నాగలి చేసిన మొదటివాడు ఈయన కాదు. ఇదే ఇల్లినాయ్ రాష్ట్రంలో 1833లోనే జాన్ లేన్ అనే ఇంకో కమ్మరి చేశాడు. కానీ లేన్ పేరు ఏ ట్రాక్టర్ మీదా లేదు.

ఆ నాగలి ఏం చేసిందో చూడాలంటే ఇంటి పక్కనే ఉంది. చిన్న నేలచెక్కలో పాత ప్రెయిరీ గడ్డి పెంచుతున్నారు. నా తలకంటే ఎత్తు పెరిగింది. ఒకప్పుడు ఇల్లినాయ్‌లో సగానికి పైగా ఈ గడ్డేనట, ఇప్పుడు వెయ్యో వంతు కూడా మిగల్లేదు. పొద్దున్నుంచీ దారంతా మేం చూసిన మొక్కజొన్న చేలు ఈ గడ్డిని దున్నేసి వేసినవే. రైతు కొడుకుని, నేనేం అనను.

మధ్యాహ్నం పులిహోర తిని మొలీన్ బయల్దేరాం, ఇంకో గంట పైన. మిసిసిపీ ఒడ్డు ఊరు. 1848లో ఆయన మకాం ఇక్కడికి మార్చాడు, నీటి శక్తి ఉంది, సరుకు పడవల్లో పంపొచ్చు అని. మరుసటి ఏడు రెండు వేల పైచిలుకు నాగళ్లు చేశారు. మొత్తం తొమ్మిది మంది పిల్లలు. పెద్దకొడుకు చిన్న వయసులోనే పోయాడు, మొలీన్ వచ్చిన ఏడే. 1865లో భార్య పోతే తర్వాత ఆవిడ చెల్లెల్నే చేసుకున్నాడు. మన వైపు ఇది కొత్తేం కాదు కదా. వ్యాపారం ఆ చంటివాడు చార్లెస్ చేతికి వచ్చింది. ముసలాయన రెండేళ్లు ఊరికి మేయరుగా చేసి, 1886లో ఎనభై రెండో ఏట కన్నుమూశాడు. కంపెనీ ట్రాక్టర్ల వ్యాపారంలోకి దిగింది 1918లో. అంటే మా తమ్ముడు రోజూ తుడిచే ఆ బండి లాంటిది ఆయన ఒక్కటి కూడా చూడలేదు.

మొలీన్‌లో కొత్త యంత్రాలు పెట్టిన పెద్ద అద్దాల భవనం ఉంది. మనవడు ఎక్కి దిగి అలిసిపోయాడు. నాకు అవేవీ పెద్దగా గుర్తు లేవు.

గుర్తున్నది మధ్యాహ్నం కొలిమి దగ్గర జరిగింది. మా అల్లుడి చేత ఆ కమ్మరికి మేర గురించి చెప్పించాను. ఆయన సుత్తి పక్కన పెట్టి, ఏడాదికి ఎన్ని బస్తాలు అని అడిగాడు. పంటని బట్టి అన్నాను. తల ఊపాడు. తర్వాత గోడకి ఆనించిన నాగలి కొన చూపించి, దీన్ని మీ భాషలో ఏమంటారు అన్నాడు.

"కర్రు" అన్నాను.

"కారు" అన్నాడు.

"కారు కాదు, కర్రు" అని మా మనవడు గట్టిగా సరిదిద్దాడు. వాడు ఆ మాట వినడం కూడా అదే మొదటిసారి.

"కారూ" అన్నాడాయన మళ్లీ, ఇంకాస్త ఒత్తి. నాలుగో ప్రయత్నానికి నవ్వేసి, కడ్డీ చల్లారిపోయిందని తిరిగి కొలిమిలో పెట్టాడు.