గాలి రోజున డీకాయ్‌లు

హ్యూస్టన్‌లో మా పక్కింటి పెద్దాయన నవంబరు వచ్చిందంటే ఫోన్లో వాతావరణమే చూస్తూ కూర్చుంటాడు. ఎండ ఎప్పుడొస్తుందా అని కాదు, నార్దర్ ఎప్పుడు దిగుతుందా అని. ఉత్తరం నుంచి చలిగాలి దిగితే దాని వెనకే బాతులూ దిగుతాయి. అలాంటి రోజుల్లో ఇద్దరం మ్యాటగోర్డా బే (అఖాతం) మీదికి బాతుల వేటకి పోతాం. లైసెన్సు తీసుకున్నాను, పాతిక డాలర్లు పెట్టి బాతుల వేటకి కావాల్సిన డక్ స్టాంపూ కొన్నాను గానీ, తుపాకీ ఆయనకే వదిలేశాను. నా డ్యూటీ డీకాయ్‌లు, అంటే ఎగిరే బాతుల్ని కిందికి రప్పించడానికి నీళ్ళ మీద తేలేసే ప్లాస్టిక్ బాతు బొమ్మలు.

మా వైపు కౌజులు పట్టేవాళ్ళు దీమం పిట్టను పెడతారు చూడండి, ఇదీ ఆ విద్యే. కాకపోతే బతికున్న బాతును కట్టేసి ఎర వేయడం అమెరికాలో 1935 నుంచి నిషేధం. అందుకే బొమ్మలు.

గాలి లేని రోజున బొమ్మల్లో కదలిక ఉండదు. బాతులు పైన రెండు చుట్లు తిరిగి, అనుమానమొచ్చి వెళ్ళిపోతాయి. అందుకే జనం బ్యాటరీ రెక్కలున్నవి కొంటారు. గాలి పాతిక మైళ్ళు దాటిందంటే వాటితో పనే లేదు, ప్రతి బొమ్మా దానంతటదే ఊగుతుంది. అప్పుడు సమస్యల్లా అవి పెట్టిన చోట నిలబడటమే. బొమ్మ కింద తాడుకి లంగరులా మామూలుగా కట్టే నాలుగు ఔన్సుల బరువు అలలకి ఆగదు. నేను పది, పన్నెండు ఔన్సులవి కడతాను. బరువొక్కటీ పెంచితే చాలదు. తాడు పొట్టిగా ఉంటే ప్రతి అలకీ బొమ్మ పైకి లేచి, బరువును కూడా నేల మీంచి ఎత్తేస్తుంది. తాడు పొడుగైతే లాగుడు పక్కకి పడుతుంది, బరువు బురదలో దిగబడి ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళకీ నాలుగడుగుల తాడు ఇస్తానంటే పెద్దాయన గొణుగుతాడు, చిక్కులు పడతాయని. ఆ మాట నిజమే. అందుకే దూరం దూరంగా వేస్తాను.

బాగా ఉధృతంగా ఉన్నరోజు విడి బొమ్మలు మానేసి ఒకే పొడుగు తాడు వేస్తాం. రెండు చివర్లా లంగర్లు, మధ్యలో క్లిప్పులతో బొమ్మలు. గాలి వచ్చే వైపు మొదటి లంగరు వదిలేస్తే, పడవ దానంతటదే గాలివాటున వెనక్కి కొట్టుకుపోతూ ఉంటుంది. మోటారు ఆపేసి, జారుతున్న తాడుకి ఒక్కో బొమ్మా తగిలించడమే. చలికి వేళ్ళు కొంకర్లు పోయి క్లిప్పు నొక్కబుద్ధి కాదు. చేతి తొడుగులు తీస్తే గాని పని జరగదు. బొమ్మ కొనేటప్పుడు అడుగు కూడా చూడాలి. బోలు కీల్ (అడుగున ఉండే పట్టీ) ఉన్నవి విసిరితే వెల్లకిలా పడి అలాగే ఉండిపోతాయి. కీల్‌లో బరువున్నవి తిరగబడినా వాటంతటవే లేచి కూర్చుంటాయి. డబ్బులెక్కువైనా నేను ఇవే కొంటాను.

బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది. కాబట్టి మనం గాలిని వీపుకి పెట్టుకోవాలి, కాస్త పక్కకైనా ఫర్వాలేదు. బొమ్మల్ని గాలం ఆకారంలో పరుస్తాను: పొడుగు తోక గాలివాటున, వంపు మా దగ్గర. ఆ వంపులో వదిలిన ఖాళీలోకే అవి దిగుతాయి. చూడాలి ఆ దిగడం! ఎదురుగాలికి ముందుకు రాలేక, కాళ్ళు చాచుకుని గాల్లో ఆగిపోయినట్టే ఉంటాయి. ఒక్కసారి అనుమానపడి తిరిగాయా, గాలి తోడై క్షణంలో మాయం. ముప్పై గజాల అవతల పేల్చొద్దని పెద్దాయనకి చెప్పేది అందుకే. స్టీలు గుండ్లు తేలిక, అడ్డగాలికి పక్కకి పోతాయి. పడ్డ బాతును కూడా వెంటనే తీయాలి, లేకపోతే నిమిషాల్లో కొట్టుకుపోతుంది.

ఇంకోటి. ఉత్తరగాలి గట్టిగా పడితే బే లోంచి నీళ్ళు సముద్రంలోకి తోసుకుపోతాయి. పొద్దున పడవ పోయిన దారిలో మధ్యాహ్నానికి ఆల్చిప్పల దిబ్బలు తేలతాయి. కొల్లేరులో తాటిదోనె అయితే దిగి భుజం పెట్టి తోసేవాళ్ళం, ఈ మోటారు పడవ కదలదు. అందుకే గాలి ముప్పై దాటుతుందని చెబితే నేను రానని ఖచ్చితంగా చెప్పేస్తాను. ఆయన సణుగుతాడు, సణగనీ.

ఇక్కడ పడే సూదితోక బాతులు మా కొల్లేరుకీ వస్తాయి. అక్కడ అభయారణ్యం, ముట్టుకుంటే జైలే. ఇక్కడ రోజుకి ఆరు బాతులు మించి కొట్టకూడదు, అందులోనూ జాతిని బట్టి లెక్కలున్నాయి.

కూర సంగతికొస్తే, రెడ్‌హెడ్ బాతులు నీటిగడ్డి తిని రుచిగా ఉంటాయి, బ్లూబిల్ మాత్రం నీచువాసన. ఎంత అల్లం వెల్లుల్లి దట్టించినా పోదు. సీసం గుండ్లు బాతుల్ని విషంలా చంపుతున్నాయని 1991 నుంచి దేశమంతా బాతుల వేటకి వాటిని నిషేధించారు, అందుకే ఈ స్టీలు. పంటికింద తగిలితే పన్ను ఊడుతుంది. మా ఆవిడ ఫ్రిజ్ మీది తిరుపతి అయస్కాంతం తీసి, శుభ్రంగా కడిగి, ముక్కల మీద తిప్పుతుంది. ఒక్కోసారి మూడు నాలుగు గుండ్లు టక్కున అంటుకుంటాయి. బాతు ముక్కల మీద వెంకన్నేమిటే అంటే, "మరి మీరు వేరేది కొనుక్కురండి" అంటుంది.