పట్టీల పనికి మిషన్ కొనేముందు తోలు మందం చూడండి

విజయనగరంలో చిన్న షెడ్డు పెట్టుకుని తోలు పట్టీలు చేస్తుంటాను. ఈ పనిలోకి దిగుదామనుకునే కుర్రాళ్లు వచ్చి మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఏ కుట్టు మిషన్ కొనమంటావు?" అని. ఏం కుడతావు, అది ఎంత మందం ఉంటుంది అని నేను తిరిగి అడుగుతాను. దానికి జవాబు లేకుండా చెన్నై రైలెక్కారంటే, అక్కడి వ్యాపారి తన దగ్గర అమ్ముడుపోకుండా ఉన్నదేదో మీకు అంటగట్టి పంపిస్తాడు.

మా దగ్గరికి ప్యాంటు బెల్టులు, బ్యాగు పట్టీలు, డోలు వాయించేవాళ్లకి భుజం పట్టీలు, డాన్సు నేర్చుకునే పిల్లలకి గజ్జెల పట్టీలు, ఇలా రకరకాల పని వస్తుంది. గజ్జెల పట్టీకి మెత్తటి తోలు రెండు పొరలు వేసినా 3 మి.మీ. దాటదు, అదే డోలు పట్టీ అయితే 7 మి.మీ. దాకా పోతుంది. రెంటికీ ఒకే మిషన్ సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు నన్నడిగితే కుట్టు మిషన్ గురించి చివర్లో ఆలోచించాలి. తప్పెటగుళ్లు ఆడే పెద్దాయన ఒకరు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు, వేరేచోట చేయించుకున్న పట్టీ చూపించి, "కుట్టు బాగానే ఉంది బాబూ, పట్టీ సాగిపోతంది, గుండె మీదుండాల్సిన తప్పెట పొట్ట మీదకి దిగిపోతంది" అన్నారు. చూస్తే నిజమే, కుట్టు ఎక్కడా కదల్లేదు. తోలు మాత్రం పశువు పొట్ట భాగంలోంచి కోసింది. ఆ భాగం సాగుతుంది, దాన్ని ఎంత ఖరీదైన మిషన్ మీద కుట్టినా సాగుతుంది. పట్టీ ఎప్పుడూ వెన్ను పక్క నుంచి, వెన్ను వెంబడి పొడుగ్గా కొయ్యాలి.

కోతకి మోటారుతో తిరిగే గుండ్రటి బ్లేళ్ల మిషన్ ఉంటుంది, ఒక్కసారి తోస్తే అన్ని పట్టీలూ ఒకే వెడల్పుతో వచ్చేస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ రోజుకి వందల బెల్టులు చేసేవాళ్లకే అది గిట్టుబాటు, పైగా మంచి తోలూ పొట్ట తోలూ కలిపి ఒకే తోపులో కోసేస్తుంది కాబట్టి తర్వాత ఏరుకోవాలి. చిన్న షాపుకి చెక్క పిడి ఉన్న స్ట్రాప్ కట్టర్ చాలు. ముందు స్టీలు స్కేలు పెట్టి ఒక అంచు తిన్నగా కోసుకోవాలి, ఆ అంచు వంకర పోతే తర్వాత కోసే ప్రతి పట్టీ అదే వంకరతో వస్తుంది.

ఇక మందం. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ అని నా గట్టి అభిప్రాయం. బెల్టు తోలు 3.5 మి.మీ. అనుకోండి, బకిల్ దగ్గర మడిస్తే 7 అవుతుంది, అక్కడ బెల్టు ఉబ్బుగా నిలబడి లూపులో దూరదు. అందుకే మడత పడే చోట 2 మి.మీ.కి తీసుకురావాలి. చేత్తో లాగే స్ప్లిటింగ్ మిషన్ (తోలుని అడ్డంగా చీల్చి మందం తగ్గించేది) మీద పట్టీని ఒకే బలంతో లాగాలి, మధ్యలో ఆగితే ఆగిన చోట గీత పడుతుంది, ఎక్కువ మందం తియ్యాలంటే రెండు విడతల్లో తియ్యండి. అంచులు పల్చన చెయ్యడానికి స్కైవింగ్ మిషన్ వాడతాం. అందులో గంట ఆకారంలో కత్తి తిరుగుతూ ఉంటుంది, దానికి సాన పట్టే రాయి మిషన్‌లోనే ఉంటుంది. తోలు మీద అలలు అలలుగా వస్తున్నా, పొడిపొడిగా రాలుతున్నా కత్తి మొద్దుబారిందని అర్థం. చాలామంది అప్పుడు స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు, ముందు సాన పట్టి చూడండి. సాన పట్టేకొద్దీ కత్తి అరుగుతుంది, దాన్ని మళ్లీ ముందుకు జరుపుకోవాలి.

ఇప్పుడు కుట్టు. బట్టలు కుట్టే మిషన్‌లో కింది పళ్లు మాత్రమే బట్టని లాగుతాయి, తోలు రెండు పొరలు పెడితే పై పొర వెనకబడిపోతుంది. వాకింగ్ ఫుట్ ఉన్న మిషన్‌లో సూది, పాదం, కింది పళ్లు మూడూ కలిసి జరుపుతాయి కాబట్టి పొరలు సమానంగా నడుస్తాయి. బెల్టులకి, బ్యాగు పట్టీలకి జూకీ కంపెనీ 1541 లాంటి, చదునైన బల్ల ఉన్న ఫ్లాట్‌బెడ్ హాయిగా సరిపోతుంది. డోలు పట్టీల్లాంటి దళసరి పని రోజూ ఉంటే 441 రకం సిలిండర్ బెడ్ (గొట్టంలాంటి చెయ్యి మీద కుట్టే మిషన్) చూడండి. చేత్తో తిప్పే ప్యాచింగ్ మిషన్ చవకే, చెప్పుల రిపేరుకి బాగుంటుంది, కానీ బాబిన్ మరీ చిన్నది, పొడుగు పట్టీ మధ్యలో దారం అయిపోతుంది.

దారం లావుని బట్టి సూది మార్చాలి. దారం లావుని టెక్స్ అనే అంకెతో చెబుతారు, అంకె పెరిగితే లావు పెరుగుతుంది. టెక్స్ 135 బాండెడ్ నైలాన్ (పోగులు విడిపోకుండా అతికించిన నైలాన్ దారం)కి 22 నంబరు సూది, టెక్స్ 70కి 18 వాడతాను. ఒక్కో కుట్టు పొడవు బెల్టుకి 4 మి.మీ., దళసరి పట్టీకి 5. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందని కస్టమర్లు పట్టుబడతారు, కానీ తోలుకి వాడే సూది గుచ్చిన చోటల్లా కన్నం కోస్తుంది, కన్నాలు మరీ దగ్గరైతే పోస్టల్ స్టాంపు చింపినట్టు ఆ వరసలోనే చిరుగుతుంది.

మోటారు మాత్రం సర్వోనే (పెడల్ తొక్కినప్పుడే తిరిగేది) పెట్టించుకోండి. క్లచ్ మోటారు కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది, పెడల్ కాస్త తగిలితే మిషన్ దూకుతుంది. పట్టీ కొస దగ్గర మలుపు తిప్పేటప్పుడు ఒక్కో కుట్టూ వేసుకుంటూ పోవాలి కదా, కొత్తవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు?

అంచుల నునుపుకి చెక్క రోలర్ మోటారు కొనేముందు మీరు వాడే తోలేదో చూసుకోండి. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు అంచు తడిపి రుద్దితే నిగనిగలాడుతుంది (ఒకప్పుడు దక్షిణాదిలో దీనికి మన తంగేడు చెక్కే వాడేవారు), క్రోమ్ తోలుని (క్రోమియం లవణాలతో పదును చేసింది) ఎంత రుద్దినా ఆ మెరుపు రాదు, అంచు రంగు పుయ్యాల్సిందే.

సెకండ్‌హ్యాండ్ మిషన్ చూడ్డానికి వెళ్లేటప్పుడు మీరు రోజూ కుట్టే తోలు ముక్కలు, మీ దారం పట్టుకెళ్లండి. వాళ్లిచ్చే మెత్తటి ముక్క మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. బాగా నెమ్మదిగా కుట్టించి, ముక్క తిరగేసి అడుగు కుట్టు చూడండి. దాని సూదులు, బాబిన్లు వైజాగ్‌లోనైనా దొరుకుతాయో లేదో డబ్బు ఇవ్వకముందే కనుక్కోండి.