మిషన్ పీక్ ఎక్కేవాళ్లకు
కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోని మిషన్ పీక్ కొండని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. శిఖరం ఎత్తు 2,517 అడుగులు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ నుంచి రానూపోనూ సుమారు 6 మైళ్లు, ఎక్కాల్సింది 2,000 అడుగులకు పైనే. నీడ దాదాపు లేదు, పైన మంచినీళ్లు దొరకవు. ఎండాకాలం మనిషికి కనీసం 2 లీటర్లు మోయాల్సిందే.

హిడెన్ వ్యాలీ దారిలో ఎక్కి, పీక్ మెడో దారి మీదుగా దిగితే, ఎక్కిన దారినే పూర్తిగా తిరిగి రాకుండా ఒక చుట్టు చుట్టి రావచ్చు. అసలు కష్టం దిగడంలోనే. ఎండిన మట్టి మీద సన్న కంకర బూట్ల కింద గోళీల్లా దొర్లుతుంది. అడుగులు చిన్నవిగా వేయండి, మోకాళ్లు కాస్త వంచండి, మడమ మీద బరువంతా మోపకండి. వాన పడ్డ మర్నాడైతే బంకమట్టి బూట్లకు అంటుకుని కాలు లేవదు, రెండు మూడు రోజులు ఆగండి. దయచేసి అడ్డదారులు తొక్కకండి, కొండ కోసుకుపోయేది అక్కడే. ఆవులు మేసే చోటు కాబట్టి గేటు దాటాక మళ్లీ వేసెయ్యండి.